రాగి దేగ్ ముందర మాట్లాడరాదు

పొద్దున ఐదున్నరకు చిక్కడపల్లిలో సులోచన కర్రీ పాయింట్ షట్టర్ సగం పైకి లేస్తుంది. లోపల మూడు పొయ్యిల మీద మూడు గిన్నెలు కుతకుతమంటుంటాయి. పప్పు దించే ముందు ఆవిడ గరిటెతో ఇంత తీసి మొగుడి అరచేతిలో వేసి, "ఉప్పు సరిపోయిందా?" అని అడుగుతుంది. రాఘవేందర్ నాకి చూసి తల ఊపుతాడు. తర్వాత టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి, ఆరుంబావుకు కంపెనీ బస్సు ఎక్కుతాడు.

వండేవాళ్ళు మధ్యలో రుచి చూస్తే ఎంగిలవుతుందని సులోచనకు వాళ్ళమ్మ నేర్పింది. అందుకని రుచి చూసే పని మొగుడిది. ఉప్పు వేసే పని అమ్మది. ఆ ముసలావిడ దుకాణంలో స్టూలు మీద కూర్చుని, గిన్నెకు రెండు గుప్పిళ్ళ చొప్పున తప్పకుండా వేసేది. పోయిన ఏడు ఆషాఢంలో ఆవిడ పోయింది. అప్పటినుంచీ ఆ రెండు గుప్పిళ్ళూ సులోచనే వేస్తోంది. మధ్యాహ్నం తను మాత్రం మజ్జిగన్నం తిని సరిపెట్టుకుంటోంది. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు వరస కట్టి కూరలు పట్టుకుపోతూనే ఉన్నారు.

రాఘవేందర్ పనిచేసేది ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక డిస్టిలరీలో. నూకలు పులియబెట్టి, ఆ పులిసిన నీళ్ళను బానంత పెద్ద రాగి దేగ్‌లో కాచి, ఆవిరిని చల్లార్చి వోడ్కా తీస్తారు. ఇరవై ఏడేళ్ళుగా ఆ దేగ్ దగ్గర నిలబడ్డ మనిషి అతనే. వోడ్కాకు వాసన ఉండకూడదు, రుచి ఉండకూడదు అంటారు గానీ, దేగ్‌లో కాచినదానికి నూకల వాసన కాస్త మిగులుతుంది. అది ఇష్టపడే వాళ్ళు కొందరున్నారు.

వాసన మిగిలినట్టే మాట కూడా మిగులుతుంది. దేగ్ కాగుతుండగా ఆ గదిలో ఎవరేమన్నా ఆ మాట ఆవిరితో పాటు పైకి లేచి, గొట్టంలో చల్లబడి, చుక్కచుక్కగా దిగి సీసాలో చేరుతుంది. మూత తీసినప్పుడు ఒక్కసారి పలికి పోతుంది. అందుకే దేగ్ గది గోడమీద "ఇక్కడ మాట్లాడరాదు" అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. ఒకసారి ఎవరికో తుమ్మొచ్చింది. ఆ వాయి మొత్తం తుమ్ముకుంటూనే దుకాణాలకు వెళ్ళింది. కొన్నవాళ్ళు "చిరంజీవ" అనుకుని తాగేశారు.

పక్క షెడ్డులో కొత్తగా టవర్ నిలబెట్టారు. అందులో ఒకదానిమీద ఒకటి నలభై పళ్ళాలు. ఆవిరి ప్రతి పళ్ళెం దగ్గరా చల్లబడి, మళ్ళీ కాగి, మళ్ళీ ఎక్కుతుంది. ఒక్కసారి పైదాకా వెళ్ళిందంటే నలభైసార్లు కాచినట్టే. అంత ఎత్తు ఏ మాటా ఎక్కలేదు. కనుక టవర్ దగ్గర పనిచేసే కుర్రాళ్ళు క్రికెట్ గొడవలు పడతారు, ఫోన్లో పాటలు పెడతారు, ఒకరి పెళ్ళిసంబంధాలు ఇంకొకరు చెడగొడతారు. సీసాలో మాత్రం ఏదీ పలకదు.

పెళ్ళినాటికి రాఘవేందర్ మంచి మాటకారే. దేగ్ దగ్గర చేరాక రోజుకు ఎనిమిది గంటలు నోరు కట్టేసుకోవడం అలవాటైంది. మొదట్లో గేటు దాటగానే మాట తిరిగొచ్చేది. తర్వాత బస్సు దిగాక వచ్చేది. ఆ తర్వాత రావడం మానేసింది. ఇంట్లో అన్నం కావాలన్నా వద్దన్నా తలే. సులోచన కూడా ఆ తల ఊపుళ్ళను చదవడం నేర్చుకుంది. అతనికి ఏం కావాలో ఆవిడకు తెలుసు. అతను ఏమనుకుంటున్నాడో మాత్రం ఎన్నడూ తెలియలేదు.

అమ్మ సంవత్సరీకం అయిన వారానికి, డబ్బాలు కడుగుతూ ఆవిడ మాట బయటపెట్టింది.

"కాచిగూడల ఒక పోర్షన్ చూసిన. ముంగట దుకాణానికి మడిగె గుడ ఉన్నది. ఒకటో తారీకుకు పోత."

రాఘవేందర్ ఆవిడ వంక చూశాడు.

"నీ మీద కోపమేం లేదు. తిట్టలే, కొట్టలే, తాగి రాలే. గని ముప్పై ఏండ్ల సంది గోడతోని కాపురం చేసినట్టున్నది. అమ్మ పోయిన నాడు వాడకట్టోళ్ళంత వచ్చి తలో మాట అన్నరు. నువ్వు ఒక్క మాటన్నవా? టెంటేసినవు, నీళ్ళ క్యాన్లు మోసినవు. గంతేనా?"

అతను తల ఊపాడు. దేనికి ఊపాడో అతనికే తెలిసినట్టు లేదు. సులోచన ఇంకో డబ్బా తీసుకుని తోమసాగింది. ఆవిడకు ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే దశ దాటిపోయి చాలాకాలమైంది.

ఆ నెల మధ్యలోనే దేగ్‌ను విప్పేస్తారని కంపెనీలో నోటీసు పడింది. ఇక అంతా టవరే. రాఘవేందర్ నోటీసు చదివి, ప్లాంటు చూసే జగన్నాథరావు గారి గదిలోకి వెళ్ళాడు. ఆయన గోదావరి వైపు మనిషి. టవర్ తెప్పించింది ఆయనే.

"సార్, ఆఖరి వాయి నాకియ్యుండ్రి."

జగన్నాథరావు కళ్ళజోడు తీసి పెట్టాడు. ఈ మనిషి గొంతు ఆయన వినడం అదే మొదటిసారి.

"ఏం చేసుకుంటారు రాఘవేందర్ గారూ?"

"మాట్లాడత."

జగన్నాథరావు ఆఖరి వాయిని అమ్మకానికి కాదని రాయించి, గది తాళంచెవి ఇచ్చాడు.

ఆ రోజు రాఘవేందర్ దేగ్‌కు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, మంట పెట్టి, మాట్లాడాడు. మొదట దగ్గాడు. "అంటే... అంటే..." అంటూ పావుగంట గడిపాడు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళది తోసుకొచ్చింది. డబ్బా తినడానికి కూడా లేవలేదు.

వోడ్కా తీసేవాళ్ళకు ఒక వాయిలో మూడు భాగాలుంటాయి. ముందు వచ్చేది తల. తేలికైనది, ఘాటైనది, ముక్కుకు తగిలితే కళ్ళు మండుతాయి. నడుమ వచ్చేది గుండె. చివర వచ్చేది తోక. బరువుగా, జిడ్డుగా, తడిగుడ్డ వాసన వేస్తుంది. గుండెనే సీసాల్లో నింపుతారు. తలను పారబోస్తారు. తోకలో ఇంకా సరుకు ఉంటుంది కనుక డ్రమ్ములో పోసి, ఇంకోసారి కాస్తారు. ఎక్కడ కోసి వేరుచెయ్యాలో ముక్కుతో, చెవితో చెప్పగలిగినవాడే పనిమంతుడు. రాఘవేందర్ పనిమంతుడు.

మొదట దిగిన చుక్కల్లో సణుగుడు వినిపించింది. కూరలో ఉప్పు, బస్సులో సీటు, మోకాలి నొప్పి. తల, అనుకుని పారబోశాడు. నడుమది సీసాలోకి పట్టి, కొంచెం పక్కకు తీసి వినిచూశాడు. సులోచన సంగతే. కానీ నిండా దగ్గులు. మాటమాటకూ "అంటే". ఒక చోట ముక్కు చీదిన చప్పుడు. అతనికి సిగ్గేసింది. ఇలాంటి సరుకు ఇన్నేళ్ళలో ఒక్కనాడూ గేటు దాటించలేదు. ఇది సులోచనకెట్లా ఇస్తాడు?

కనుక తనకు తెలిసిన పనే చేశాడు. మళ్ళీ కాచాడు. ఈసారి దగ్గులు పోయాయి. మూడోసారి కాస్తే "అంటే"లు పోయాయి. నాలుగోసారి గొంతులోని వణుకు పోయింది. ప్రతిసారీ జిడ్డుగా మిగిలిన తోకను డ్రమ్ములో పోశాడు. జగన్నాథరావుకు అతని పట్టుదల నచ్చింది. "అంత శ్రమ ఎందుకండీ, మన టవర్లో ఒకసారి ఎక్కిద్దాం" అన్నాడు. ఎక్కించారు. ఆపైన కొబ్బరిచిప్పల బొగ్గులోంచి వడగట్టారు. మిగిలింది ఒక్క సీసా. ల్యాబ్ వాళ్ళు కాగితం ఇచ్చారు. రంగు: లేదు. వాసన: లేదు. రుచి: లేదు. ధ్వని: శూన్యం. అన్నిటి ఎదుటా "అత్యుత్తమం" అని ముద్ర వేశారు.

ఇరవై ఏడేళ్ళుగా ధ్వని శూన్యం అన్న మాటను మెప్పుగా వింటూ వచ్చినవాడు కదా. ఆ రోజు కూడా మెప్పుగానే విన్నాడు. గేట్‌పాస్ రాయించుకుని, సీసాను తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి బయల్దేరాడు.

అప్పటికి సులోచన వాడని గిన్నెలను గోనెసంచుల్లో కడుతోంది. సాయంత్రం కూరకు వచ్చిన వందన ఆవిడకు సాయం చేస్తోంది. ఆ పిల్లది నరసాపురం, మూడేళ్ళుగా అశోక్‌నగర్లో ఉండి చదువుతోంది. రాఘవేందర్ సీసా తెచ్చి భార్య ముందు పెట్టాడు. నుదుటి చెమట తుడుచుకుని, మూత వైపు చూపించాడు.

"నాకా?" అంది సులోచన.

తల ఊపాడు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ, దాచుకోవడానికేం లేదు, ఆశపడింది. చేతులు కొంగుకు తుడుచుకుని మూత తిప్పింది. ముగ్గురూ ముందుకు వంగారు. ఫ్రిజ్ చప్పుడు వినిపించింది. బయట ఆటో హారన్ వినిపించింది.

"ఏమీ వినపడట్లేదు ఆంటీ," అంది వందన.

రాఘవేందర్ సీసా లాక్కుని చెవికి ఆనించాడు. ఊపి చూశాడు. మళ్ళీ ఆనించాడు. చెప్పాలని నోరు తెరిచాడు, చెప్పినదంతా అందులోనే పోశాడు కదా, ఏదీ దొరకలేదు.

సులోచన సీసా తీసుకుని మూత బిగించింది. "గిది గుడ నీ లెక్కనే ఉన్నది," అంది. కోపంగా అనలేదు. దాన్ని కొత్త స్టీలు డబ్బాల మీది స్టిక్కర్ల జిగురు వదిలించడానికి వాడింది. జిగురు బాగా వదిలింది.

ఆ తర్వాత వారం పది రోజులకు కర్రీ పాయింట్‌కు కొత్త మొహాలు రావడం మొదలైంది. ఒకాయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి, "అడుగంటిన పప్పు ఉంటదా అమ్మా?" అన్నాడు. ఇంకొకాయన ఏమీ కొనకుండా, "నమస్తే అక్కా" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇరవై తొమ్మిదో తారీకు పొద్దున ఒక కుర్రాడు పుంటికూర పప్పు కట్టించుకుంటూ, తల వంచుకుని, "కాచిగూడకు పోకుండ్రి అక్కా" అన్నాడు.

సులోచనకు అనుమానం పట్టుకుంది. అడుగంటిన పప్పు సంగతి ఊళ్ళో ఎవరికి తెలుసు? గిన్నె అడుగు గీకి అల్లుడికి పెట్టేది అమ్మ. పదింటికి గణేశ్ రాగానే పట్టుకుంది. గణేశ్ నారాయణగూడలో ఒక బార్‌లో సీసాలు తీసి పోస్తాడు, రోజూ ఆవిడ దగ్గరే కూర కొంటాడు.

"ఏందిర గణేశా? ఎవరెవరో వచ్చి నా మొఖం జూస్తున్నరు. నీకేమన్న తెల్సా?"

గణేశ్ కూర పొట్లం చేతులు మార్చుకున్నాడు. "చెప్పాల్నో వద్దో అని పరేషాన్ల ఉన్ననక్కా. మా తాన అన్న గొంతు వస్తుంది."

సంగతిదీ. డ్రమ్ములో తోక మిగిలితే పారబోయడం కంపెనీలో పాపం. దేగ్‌ను విప్పే ముందు రోజు, తర్వాతి షిఫ్టు వాళ్ళు అలవాటు ప్రకారం నోళ్ళు మూసుకుని ఆ డ్రమ్మును ఒక్కసారి కాచేశారు. ఒక్కసారే. టవర్ ఎక్కించలేదు, బొగ్గులో వడగట్టలేదు. ముప్పై సీసాలైంది. అవి నారాయణగూడ బార్‌కు వచ్చాయి.

"మొదటిది తీస్తే నాలుగో టేబుల్ వాళ్ళు కొట్లాటకొచ్చిన్రు," అన్నాడు గణేశ్. "ఎవలి మొగడో ఏడుస్తుండు, మార్చి ఇయ్యి అన్నరు. రెండోది తీస్తే సప్పుడు చెయ్యక విన్నరు. మూడోది వాళ్ళే అడిగిన్రు. సీసాల నీ పేరు, నీ కర్రీ పాయింట్ పేరు వచ్చినంక రాఘవన్న అని నాకు లేటుగ తెల్సింది. ఎన్నడన్న మాట్లాడితె గద, గుర్తుపట్టెటందుకు!"

"ఎన్ని మిగిలినయి?"

"మూడు."

సులోచన పొయ్యి ఆపి, దుకాణం కూరకొచ్చిన వందనకు అప్పజెప్పి, చేతిలో గరిటె ఉందని కూడా చూసుకోకుండా బయల్దేరింది. చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు ఎంతసేపు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పదకొండు కాలేదు, బార్‌లో కుర్చీలు ఇంకా బల్లల మీదే తలకిందులుగా ఉన్నాయి. గణేశ్ ఒక కుర్చీ దించి తుడిచి వేశాడు. ఆవిడ అలాంటి చోటికి రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గరిటె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మొదటి సీసా మూత తీశాడు. దగ్గు. మళ్ళీ దగ్గు. "అంటే..." అంది సీసా. "అంటే... సులోచనా... అంటే..." ఆపైన ముక్కు చీదిన చప్పుడు. అంతే.

రెండోది తీశాడు. గొంతు వణుకుతోంది, కానీ మాట మాటగా వచ్చింది.

"అత్తమ్మ పోయిన నాడు టెంటోనితోని మాట్లాడిన. క్యాన్లోనితోని మాట్లాడిన. నీ ముంగటికొచ్చి నిలబడితె ఏది అనబోయినా తక్కువైతదనిపించింది. అడుగు గీకి నాకు పెట్టేది ఆమె. మా అమ్మ గుడ పెట్టలే. నాకు గుడ అమ్మ పోయింది సులోచనా. నీకు చెప్తె నీ ఏడుపుల నా వాటా అడిగినట్టుంటదని చెప్పలే."

సీసా ఆగిపోయింది. గణేశ్ అటు తిరిగి గ్లాసులు సర్దుకున్నాడు. సులోచన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను గోడ అనుకుంది ఇన్నాళ్ళూ. గోడకు ఇవతలా ఒకరు, అవతలా ఒకరు కూర్చుని ఒకే మనిషి కోసం కుమిలారన్నమాట. ఆవిడకు కోపమూ వచ్చింది, జాలీ వచ్చింది. ఏది ముందో తెలియలేదు.

గణేశ్ మూడోదాని మూత మీద చెయ్యి వేశాడు.

"తియ్యకు," అంది సులోచన. "మనిషే ఇంట్ల ఉండె గద."

మర్నాడు ముప్పయ్యో తారీకు. గిన్నెలన్నీ గోనెసంచుల్లోనే ఉన్నాయి, రెండు తప్ప. ఐదున్నరకు షట్టర్ సగం లేచింది. సులోచన పప్పు కలిపి, గరిటెతో ఇంత తీసి, మొగుడి అరచేతిలో వేసింది.

"ఉప్పు సరిపోయిందా?"

రాఘవేందర్ నాకి చూసి తల ఊపబోయాడు. ఆవిడ అతని గడ్డం పట్టుకుని ఆపింది.

"తల ఊపకు. నోరు తెరువు. ఎట్లొస్తె గట్ల చెప్పు, వడగట్టకు."

అతను దగ్గాడు. "అంటే..." అన్నాడు.

"ఆఁ."

"అంటే... జర ఎక్కువైంది."

"ఇయ్యాలనా?"

"అత్తమ్మ పోయిన సంది."

సులోచన చేతిలో గరిటె ఆగిపోయింది. "యాడాది సంది? మరి రోజూ తల ఎందుకు ఊపుతున్నవయ్యా?"

రాఘవేందర్ పప్పు అంటిన అరచేతిని చూసుకుంటూ నిలబడ్డాడు. మాట వచ్చేదాకా ఆవిడ ఆగింది.

"నువ్వు ఆమె లెక్కనే రెండు గుప్పిళ్ళేస్తున్నవు. ఆమె గుప్పిడి చిన్నది, నీది పెద్దది. గది నీకు చెప్తె... ఆమె లేదని నేను చెప్పినట్టయితది."

సులోచన ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పిట పట్టి, బయటికి తీసి చూసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత అమ్మ స్టూలు మీద కూర్చుని, ఏడాదిగా రాని ఏడుపంతా ఏడ్చింది. రాఘవేందర్ పక్కనే నిలబడి, ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. అందులో పనికొచ్చే మాట పెద్దగా లేదు. ఆవిడ వద్దనలేదు.

ఏడుపయ్యాక గుప్పిట్లోని ఉప్పులో సగం డబ్బాలో వదిలి, మిగతాది ఆలుగడ్డ కూరలో వేసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని, కాచిగూడ ఇంటాయనకు ఫోన్ చేసి, రావట్లేదని చెప్పింది. ఆయన ఎందుకు ఏమిటని అడుగుతుంటే సరిగా వినపడలేదు. ఆరుంబావు బస్సు వెళ్ళిపోయింది. రాఘవేందర్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఇప్పుడు చింతపండు సంగతి.